మైదానమంతా పరిచి, మాటలు తగ్గించి: హైస్కూల్ ఫుట్‌బాల్‌లో స్ప్రెడ్ ఆట

అమెరికాలో, టెక్సాస్‌లోని డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో మనవాళ్లు చాలామందే స్థిరపడ్డారు. శుక్రవారం రాత్రి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లే తెలుగు అమ్మానాన్నల్లో కొందరికి అసలు ఆటతో పనిలేదు. పిల్లలు మార్చింగ్ బ్యాండ్‌లో ఉంటారు. హాఫ్‌టైమ్‌లో వాళ్లు వాయించేది చూసి, ఫోన్‌లో వీడియో తీసుకుని వచ్చేయడమే. అప్పటిదాకా కింద జరిగేదంతా ఒక వింత. సైడ్‌లైన్ పక్కన ముగ్గురు నిలబడి ఒకేసారి చేతులు ఊపుతుంటారు. ఒకడు మోచెయ్యి తడుముకుంటాడు, ఇంకొకడు నెత్తి మీద తట్టుకుంటాడు. వెనకనుంచి ఎవరో పెద్ద అట్ట పైకెత్తితే దానిమీద పులి బొమ్మ, పిజ్జా ముక్క, ఏదో కార్టూన్. మైదానంలో ఉన్న పదకొండు మంది అటు ఒక్క చూపు చూసి, గబగబా వరసలో నిలబడి బంతి కదిలించేస్తారు. పడ్డవాడు లేచి దుమ్ము దులుపుకునేలోపే మళ్లీ అట్ట లేస్తుంది.

అంత హడావుడీ ఎందుకో తెలిస్తే హాఫ్‌టైమ్ ముందు గంటసేపు బోర్ కొట్టదు. దీన్ని స్ప్రెడ్ అఫెన్స్ అంటారు. అఫెన్స్ అంటే బంతి ఉన్న జట్టు ఆడే ఆట, దాన్ని అడ్డుకునేది డిఫెన్స్. మధ్యలో ఊపిరి తీసుకోనివ్వకుండా ఆడితే దానికి టెంపో అని ఇంకో మాట చేరుతుంది. నా దృష్టిలో దీన్ని నేర్పే కోచ్‌కి అసలు పరీక్ష కుర్రాళ్ల కాళ్లలో వేగం పెంచడం దగ్గర రాదు. తను ఎంత తక్కువ చెప్పగలడు, ఎన్ని వదిలేసుకోగలడు అన్న దగ్గర వస్తుంది.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు. వాటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఒక్కో ప్రయత్నాన్నీ ఒక ఆట అనే అంటారు, అది ఐదారు సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత ఆట ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఈ ఆగే సందులోనే ఉంది కథంతా. పాత పద్ధతిలో పదకొండు మందీ గుండ్రంగా తలలు దగ్గర పెట్టుకుంటారు, బంతి ముందుగా అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ తర్వాత ఆడబోయే ఆట పేరు చెప్తాడు. అది హడిల్. హైస్కూల్ ఆటకి నియమాలు రాసే జాతీయ సమాఖ్య 2019లో 40 సెకన్ల గడియారం తెచ్చింది. ఒక ఆట ముగిశాక 40 సెకన్లలోపు తర్వాతిది మొదలుపెట్టాలి. టెక్సాస్ స్కూళ్లు ఆడేది కాలేజీ నియమాలతో కాబట్టి వాళ్లకి ఈ లెక్క అంతకు ముందే అలవాటు. హడిల్ చేసే జట్టు ఆ నలభైలో ముప్పై పైచిలుకు వాడేస్తుంది. టెంపో జట్టు హడిల్‌నే ఎత్తేసింది.

ఇక స్ప్రెడ్ అంటే మనుషుల్ని విడదీసి నిలబెట్టడం. పదకొండు మందిలో మధ్యన ఉండే ఐదుగురు లైన్‌మెన్ ముందుకు విసిరిన బంతి పట్టుకోకూడదు. క్వార్టర్‌బ్యాక్‌ని పక్కన పెడితే పట్టుకోగలిగినవాళ్లు ఐదుగురు. పాత ఆటలో వీళ్లలో ముగ్గురు, నలుగురు మధ్యలోనే గుంపుగా ఉండి తోసుకుంటూ పోయేవాళ్లు. స్ప్రెడ్‌లో నలుగుర్ని, ఒక్కోసారి ఐదుగుర్నీ, గట్టు దాకా, అంటే సైడ్‌లైన్ దాకా, విడదీస్తారు. కబడ్డీ ఆడినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఏడుగురూ చేతులు పట్టుకుని దగ్గరగా ఉంటే కూతకి వెళ్లినవాడికి దారి దొరకదు. గొలుసు తెగి మూలన ఉన్నవాడు ఒంటరైతే అప్పుడు పాయింటు.

ఇక్కడ హైస్కూల్ మైదానం కూడా ఒక చెయ్యి వేస్తుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ నాకు చాలా ఇష్టమైన వివరం. మైదానం వెడల్పు 160 అడుగులు. ప్రతి ఆటా హాష్ మార్కులనే రెండు గీతల మధ్యనుంచే మొదలవ్వాలి. జాతీయ సమాఖ్య నియమాల్లో ఆ గీతలు మైదానాన్ని సరిగ్గా మూడు భాగాలు చేస్తాయి, అంటే ఒక్కో భాగం 53 అడుగుల 4 అంగుళాలు. బంతి ఎడమ గీత మీద ఉంటే కుడివైపు 106 అడుగుల పైన ఖాళీ. వృత్తి ఆటగాళ్ల ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గీతలు మధ్యకి జరిగి ఉంటాయి కాబట్టి పెద్ద వైపు కూడా 89 అడుగుల చిల్లరే. ఈ పదిహేడు అడుగుల తేడాని పదహారేళ్ల డిఫెన్స్ కుర్రాడు పరిగెత్తి పూడ్చాలి.

అయితే వాడు పరిగెత్తడానికి ఎంత కష్టమో మన క్వార్టర్‌బ్యాక్‌కి అంత దూరం విసరడమూ అంతే కష్టం. ఎడమ గీత దగ్గర నిలబడి కుడి గట్టు పక్కకి గట్టిగా విసిరే చెయ్యి పదిహేనేళ్ల పిల్లల్లో అరుదు. బంతి గాల్లో ఎక్కువసేపు తేలితే దారిలో ఎవడో ఒకడు తన్నుకుపోతాడు. తెలిసిన కోచ్ పెద్ద వైపున తన చురుకైనవాళ్లని పెట్టి, వాళ్లకి అడ్డంగా పొట్టి పాస్ వేయించి పరిగెత్తమంటాడు. గురి చూసి విసరాల్సినవి చిన్న వైపు దాచుకుంటాడు. టీవీలో ఆదివారం చూసిన ఆటని సోమవారం స్కూల్లో నేర్పబోయే కోచ్ బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే.

ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టడం

విడదీశాక మిగిలేది లెక్క. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకునే ముందు మధ్యలో, అంటే లైన్‌మెన్‌కి ఎదురుగా ఉన్న గుంపులో, డిఫెన్స్ వాళ్లు ఎంతమందో చూస్తాడు. ఆ గుంపుని బాక్స్ అంటారు. మన రిసీవర్లు, అంటే పాస్ పట్టుకునేవాళ్లు, నలుగురు బయట ఉన్నారు అనుకుందాం. వాళ్లని కాయడానికి నలుగురు, వెనక లోతుగా ఇద్దరు. పదకొండులో ఆరుగురు పోయారు, బాక్స్‌లో మిగిలింది ఐదుగురు. మనకి అడ్డుకునే లైన్‌మెన్ ఐదుగురు. మనిషికి మనిషి సరిపోయారు, పరుగు పెట్టు. బాక్స్‌లో ఏడుగురు కనిపిస్తే వెనక లోతుగా ఎవరూ లేనట్టే. విసురు.

చిక్కు ఆరుగురు ఉన్నప్పుడు. ఐదుగురు ఆరుగుర్ని ఎలా అడ్డుకుంటారు? ఒకణ్ణి కావాలని వదిలేస్తారు. జోన్ రీడ్ అనే ఆట అదే. రిచ్ రోడ్రిగేజ్ అనే కోచ్ 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో ఉన్నప్పుడు, ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్ బంతి అందించడం తడబడి తనే పట్టుకుని ఉరికాడట. ఎందుకు అటు వెళ్లావంటే, చివరన ఉన్న డిఫెన్స్ వాడు లోపలికి పరిగెత్తాడు కాబట్టి ఆ వైపు ఖాళీ అని జవాబు. పొరపాటు ఆటగా మారింది. ఇప్పుడు ఆ చివరివాణ్ణి ఎవరూ ముట్టుకోరు. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కవాడి పొట్ట దగ్గర పెట్టి అతన్నే చూస్తుంటాడు. అతను పరుగు తీసేవాడి మీదకి వస్తే బంతి వెనక్కి లాక్కుని బయటికి, ఆగితే బంతి ఇచ్చేయడమే. అతనికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అదే వల డిఫెన్స్ ముందు వరసకి వెనక నిలబడే లైన్‌బ్యాకర్ మీద వేస్తే ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్). పరుగా పాసా అన్నది అతని అడుగు చూసి చివరి క్షణంలో తేల్చే ఆట అది. లైన్‌మెన్‌కి తేలేదాకా తెలియదు కాబట్టి పరుగుకే అన్నట్టు ముందుకు దూసుకుపోతారు. పాస్ గాల్లోకి లేచే వేళకి వాళ్లు ఎంత ముందుకి పోవచ్చు అన్నదానికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక గజం, సమాఖ్య నియమాల హైస్కూల్ ఆటలో రెండు, కాలేజీలో మూడు. డిఫెన్స్ కోచ్‌లు ఈ గజాల గురించి రిఫరీల మీద అరిచినంతగా ఇంకెందుకూ అరవరు. నిజం చెప్పాలంటే వాళ్ల బాధలో న్యాయం ఉంది.

గమనిస్తే, ఇందులో ఎక్కడా మన కుర్రాడు అవతలివాడి కంటే బలంగా ఉండాలని లేదు. స్ప్రెడ్ పుట్టిందే బలం లేని చోట. 1920ల చివర్లో టెక్సాస్ ఫోర్ట్‌వర్త్‌లో మేసోనిక్ హోమ్ అనే అనాథాశ్రమ బడికి రస్టీ రసెల్ కోచ్‌గా వచ్చాడు. పిల్లలు తక్కువమంది, ఎదుటి స్కూళ్లవాళ్ల ముందు బక్కచిక్కినవాళ్లు. తోసుకునే ఆట ఆడితే నలిగిపోతారని విడదీసి ఆడించాడు, పెద్ద పెద్ద స్కూళ్లని ఓడించాడు. 1958లో ఒహాయోలో మిడిల్‌టౌన్ హైస్కూల్ కోచ్ టైగర్ ఎలిసన్, సీజన్ సగం దాకా ఒక్క గెలుపూ లేక, ఆటగాళ్లని మైదానం ఈ చివరనుంచి ఆ చివర దాకా చెల్లాచెదురుగా నిలబెట్టాడు. తర్వాత రన్ అండ్ షూట్ అని పేరు తెచ్చుకున్న ఆటకి అది మొదలు. ఎక్కువగా పాస్‌ల మీదే నడిచే ఎయిర్ రెయిడ్ అనే ఆటతీరుకి ఆద్యుడైన హాల్ మమీ కూడా 1980ల చివర్లో టెక్సాస్‌లో కాపరాస్ కోవ్ అనే స్కూల్లో ఆ ప్రయోగాలు చేసినవాడే. స్కూళ్లలో అవసరం కొద్దీ పుట్టిన ఆలోచన కాలేజీలకి, అక్కణ్ణుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పాకింది. సాధారణంగా అంతా పైనుంచి కిందికే వస్తుందని అనుకుంటాం.

ఒక్క మాటలో మొత్తం ఆట

ఇప్పుడు వేగం సంగతి. హడిల్‌లో క్వార్టర్‌బ్యాక్ చెప్పే పేరు ఒక చిన్నపాటి వాక్యం. ఎవరు ఏ వైపు నిలబడాలి, ఎవరు ముందుగా కదలాలి, అడ్డుకోవడం ఎలా, పరుగు ఏ సందులోంచి, ఎన్నో కేకకి బంతి కదలాలి, అన్నీ అందులో ఉంటాయి. దీన్ని గట్టు మీదనుంచి అరిచి చెప్పలేం. అరిస్తే అవతలివాళ్లకీ వినిపిస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో ఉంది. పెద్ద కాలేజీలకి 2024లో వచ్చింది. స్కూళ్లలో పెరిగిన పద్ధతి మాత్రం సైగలు, అట్టలు, మణికట్టుకి కట్టుకునే చిన్న చీటీ.

అందుకే వాక్యం మొత్తం ఒక్క మాటలోకి కుదిస్తారు. ఏదో ఊరి పేరో జంతువు పేరో చెప్తే చాలు, పదకొండు మందికీ ఎవరి పని వాళ్లకి తెలిసిపోవాలి. ఇంగ్లిష్‌లో కుడి వైపుకి ఆర్ అక్షరంతో మొదలయ్యే మాటలు, ఎడమకి ఎల్‌తో మొదలయ్యేవి వాడతారు. రిప్ అంటే కుడి, లిజ్ అంటే ఎడమ. మన తెలుగు పిల్లల జట్టు ఒకటి ఉంటే రాముడు, లక్ష్మణుడు అని పెట్టుకోవచ్చు, అక్షరాలు కూడా కలిసొస్తాయి. ముగ్గురు సైగలు చేసేవాళ్లలో సాధారణంగా అసలువాడు ఒక్కడే. మిగతా ఇద్దరూ అవతలి గట్టు మీద కళ్లు చికిలించుకుని చూసేవాళ్ల కోసం. బొమ్మల అట్టలు దేశమంతా చూసింది 2010 ప్రాంతంలో చిప్ కెల్లీ దగ్గరి ఒరెగాన్ యూనివర్సిటీ జట్టు వల్ల.

హడిల్ లేకుండా మ్యాచ్ పొడుగునా పరిగెత్తించడాన్ని ఒక సిద్ధాంతంగా చేసినవాడిగా గస్ మాల్జాన్ పేరు చెప్పుకోవాలి. ఆర్కెన్సాలో హ్యూస్, షైలో క్రిస్టియన్, స్ప్రింగ్‌డేల్ అనే మూడు హైస్కూళ్లలో పనిచేసి 2006లో నేరుగా యూనివర్సిటీ జట్టు అఫెన్స్ బాధ్యతల్లోకి వెళ్లాడు. 2010లో ఆబర్న్ అనే యూనివర్సిటీ జాతీయ ఛాంపియన్ అయినప్పుడు దాని అఫెన్స్ నడిపింది అతనే. హ్యూస్ లాంటి చిన్న ఊరి బడిలో మొదలైనవాడు అక్కడిదాకా వెళ్లాడంటే, ఆట పేర్లు కుదించడం చిన్న విద్య కాదు.

కుదించడానికి ఇంకో కారణం టైమ్. టెక్సాస్‌లో బడి ఉన్న వారాల్లో, సోమవారం నుంచి శుక్రవారం దాకా, స్కూల్ వేళల బయట ఒక ఆటకి 8 గంటలకి మించి ప్రాక్టీసు పెట్టకూడదు. ఆ ఎనిమిది గంటల్లో నలభై రకాల ఆటలు నేర్పితే పిల్లలకి నలభైయ్యీ సగం సగం వస్తాయి. పది నేర్పి, ఒక్కోదాన్ని ఐదారు రకాలుగా నిలబడి ఆడిస్తే అవతలివాళ్లకి యాభై కనిపిస్తాయి, మనవాళ్లకి మాత్రం పదే గుర్తుండాలి. కొత్త కోచ్‌కి ఇది మింగుడుపడదు. వేసవిలో కోచింగ్ క్లినిక్‌కి వెళ్లి వచ్చినప్పుడల్లా నాలుగు కొత్త ఆటలు తెచ్చుకుంటాడు, పాతవి తీసెయ్యడానికి చెయ్యి రాదు.

ప్రాక్టీసులోనూ అలవాట్లు మార్చుకోవాల్సింది కోచే. పాత పద్ధతిలో తప్పు కనపడగానే విజిల్ ఊది, అందర్నీ ఆపి, ఒకడికి చెప్తుంటే మిగతా ఇరవై ఒక్కరూ నిలబడి చూస్తారు. టెంపో ప్రాక్టీసులో ఆపడం ఉండదు. తప్పు చేసినవాడి పక్కన పరిగెత్తుతూ ఒక్క మాట అనాలి. లేదా వదిలేసి, రాత్రి వీడియోలో చూపించాలి. ఎయిర్ రెయిడ్ నేర్పేవాళ్లు ఎదుట డిఫెన్స్ లేకుండా ఐదుగురు విసిరేవాళ్లని నిలబెట్టి ఐదు బంతులు ఒకేసారి విసిరిస్తారు. ఐదుగురు రిసీవర్లూ పట్టుకుంటారు, ఎవరూ ఖాళీగా నిలబడరు. దూరంనుంచి చూస్తే సంతలా ఉంటుంది. కానీ ఒక గంటలో ఒక్కో కుర్రాడి చేతికి తగిలే బంతుల లెక్క చూస్తే పాత పద్ధతి దరిదాపుల్లోకి రాదు.

మ్యాచ్‌లో నిజంగా వేగాన్ని తినేసేవి ఎవరూ చప్పట్లు కొట్టని పనులు. బంతి పట్టుకుని పడిపోయిన కుర్రాడు దాన్ని గాల్లోకి విసిరి సంబరం చేసుకుంటే ఆరేడు సెకన్లు పోయాయి. లేచి దగ్గరున్న అధికారి చేతికి ఇవ్వాలి, బంతిని చోటులో పెట్టేది ఆయనే. ఆయన పెట్టేదాకా ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇక సెంటర్, అంటే లైన్‌మెన్ మధ్యలో ఉండి బంతిని వెనక్కి అందించేవాడు. షాట్‌గన్‌లో క్వార్టర్‌బ్యాక్ ఐదు గజాల వెనక ఉంటాడు. సెంటర్ కాళ్ల మధ్యనుంచి వెనక్కి విసిరిన బంతి ఒక అడుగు ఎత్తుగా వెళ్లినా, క్వార్టర్‌బ్యాక్ కళ్లు చదవాల్సిన మనిషి మీదనుంచి బంతి మీదకి మళ్లుతాయి. అంతే, ఆ ఆట చచ్చినట్టే. స్ప్రెడ్ మొదలుపెట్టే స్కూల్లో ముందు వెతుక్కోవాల్సింది స్టార్ క్వార్టర్‌బ్యాక్‌ని అనుకుంటారు. నేనైతే సెంటర్‌ని వెతుకుతాను.

మరి నష్టం లేదా? ఉంది, అది సొంత డిఫెన్స్ నెత్తిన పడుతుంది. మూడు పాసులు విసిరి మూడూ నేల మీద పడ్డాయనుకోండి. పాస్ నేల పడితే గడియారం ఆగిపోతుంది. అంటే మ్యాచ్ గడియారంలో ఇరవై సెకన్లు కూడా కరగకుండానే నాలుగో ప్రయత్నంలో బంతిని దూరంగా అవతలివాళ్లకి తన్నేసి, అప్పుడే బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసా మూత తీసిన మన డిఫెన్స్‌ని మళ్లీ లేపాలి. చిన్న స్కూళ్లలో ఇంకా ఘోరం. అక్కడ అఫెన్స్, డిఫెన్స్ రెండింట్లోనూ ఆడేది అదే కుర్రాళ్లు. అవతలివాళ్లని అలసగొట్టాలని వేసిన ఎత్తు మనవాళ్లకే ఆయాసం తెస్తుంది. దానికి తోడు ఆగస్టు చివరి టెక్సాస్ ఎండ, అంటే మన రోహిణి కార్తె అనుకోండి.

కాబట్టి ఎప్పుడూ ఒకే వేగంతో పోయే కోచ్‌ని నేను తెలివైనవాడు అనను. టెంపో పని చేసేది గేర్లు మార్చినప్పుడు. ఒక పెద్ద లాభం దొరికిన వెంటనే, డిఫెన్స్ ఇంకా చెల్లాచెదురుగా ఉండగానే, తర్వాతిది గబుక్కున. ఇంకోసారి గబగబా వరసలో నిలబడి, క్వార్టర్‌బ్యాక్ ఉత్తుత్తి కేక వేస్తాడు. డిఫెన్స్ తన పన్నాగం బయటపెట్టేస్తుంది. అప్పుడు పదకొండు మందీ తలలు తిప్పి గట్టువైపు చూస్తారు, కోచ్ ఆ పన్నాగం చూసి అసలు ఆట అప్పుడు పంపుతాడు. మూడో రకం నాకు భలే నవ్వు తెప్పిస్తుంది. అంత హడావుడిగా నిలబడి, గట్టిగా కేకలేసి, బంతి అసలు కదపరు. ఎవడో ఒకడు తొందరపడి గీత దాటితే ఐదు గజాలు ఉచితం.

ఇదంతా ఒక స్కూల్లో ఎలా ఉంటుందో చూడాలంటే డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్యనున్న సౌత్‌లేక్ క్యారల్ చాలు. టాడ్ డాడ్జ్ 2000లో అక్కడ కోచ్‌గా చేరాడు. 2002 నుంచి 2006 దాకా ఐదు సీజన్లలో ఆ జట్టు 79 మ్యాచ్‌లు గెలిచి, ఒక్కటి ఓడింది. ఆ ఒక్కటీ 2003 ఫైనల్, కేటీ హైస్కూల్ చేతిలో 16–15. మిగతా నాలుగేళ్లూ రాష్ట్ర టైటిల్ వాళ్లదే. 2004లో క్వార్టర్‌బ్యాక్ ఛేస్ డేనియల్, 2005లో గ్రెగ్ మెకెల్‌రాయ్, 2006లో కోచ్ కొడుకు రైలీ డాడ్జ్. మూడేళ్లలో ముగ్గురు మారారు, ముగ్గురూ టైటిల్ గెలిచారు. ఒక కుర్రాడి మీద ఆధారపడే ఆట అయితే ఇది జరగదు. కానీ అదే డాడ్జ్ 2007లో నార్త్ టెక్సాస్ యూనివర్సిటీకి వెళ్తే గెలుపులు మొహం చాటేశాయి, 2010 సీజన్ మధ్యలోనే తీసేశారు. కారణాలు చాలా ఉండొచ్చు. ఒకటి మాత్రం నా ఊహకి అందుతుంది. స్కూల్లో ఖాళీ చోటు చూపిస్తే చాలు, కాలేజీలో ఆ చోటు రెండు అడుగుల్లో మూసుకుపోతుంది.

డాడ్జ్ మళ్లీ హైస్కూల్‌కే వచ్చాడు. ఆస్టిన్‌లోని వెస్ట్‌లేక్‌కి 2019, 2020, 2021 సీజన్లలో వరసగా మూడు రాష్ట్ర టైటిళ్లు తెచ్చాడు. వాటిలో మధ్యది, కోవిడ్ వల్ల జనవరి 2021కి జరిగిన ఫైనల్, ఆర్లింగ్‌టన్‌లో డాలస్ కౌబాయ్స్ స్టేడియంలో ఆడారు. ఎదుటి జట్టు సౌత్‌లేక్ క్యారల్. ఆ గట్టు మీద హెడ్ కోచ్‌గా నిలబడింది రైలీ డాడ్జ్, పదిహేనేళ్ల కింద నాన్న పంపిన ఆటల్ని మైదానంలో ఆడిన కొడుకు. ఆ రాత్రి వెస్ట్‌లేక్ 52, సౌత్‌లేక్ 34.